తుప్పు చూడడానికి అండమాన్ వెళ్ళాను

అండమాన్ వెళ్ళొచ్చానని తెలియగానే మా సంఘంలో సిస్టర్లందరూ మొదట అడిగింది జైలు చూశావా అని. తరువాత అడిగింది ముత్యాలు తెచ్చావా అని. జైలును బయటినుంచే చూశాను. ముత్యాలు తేలేదు. నేను వెళ్ళింది తుప్పు చూడడానికి అంటే, "దానికి అంత దూరం పోవాలా, మా గేటు చూస్తే సరిపోదూ?" అని నవ్వారు. వెళ్ళనివాళ్ళకు కొంతైనా చూపించినట్టు ఉంటుందని ఆ వారం రోజుల సంగతి రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో ఒక లోహ పరిశోధనశాలలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ ఇనుము, ఏ పూత సముద్రపు గాలికి ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పడం మా విభాగం పని. చిమ్మెటా తుప్పూ తినేసే చోట సంపద దాచుకోవద్దని ప్రభువు చెప్పాడు కదా, ప్రమీలమ్మ మాత్రం ఆ తుప్పు మీదే జీతం తీసుకుంటోందని మా పాస్టరుగారు హాస్యమాడుతుంటారు.

అండమాన్‌లో మాకు మూడు చట్రాలున్నాయి. గాలికి ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద ఫ్రేములు. ఒక్కోదానికి అరచేతి వెడల్పున్న ఇనుప రేకులు ఇరవై బిగించి ఉంటాయి. వాటిని ఆరేళ్ళుగా చూసుకుంటున్నది నూకరత్నం అనే అమ్మాయి. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వేటకు వెళ్ళి దీవిలోనే ఉండిపోయిన కుటుంబం. మెయిన్‌లాండ్‌లో మెటీరియల్ సైన్స్ చదివి, తిరిగి వెళ్ళి, మా దగ్గర కాంట్రాక్టు మీద పరిశీలకురాలిగా చేరింది. నెలకోసారి ప్రతి రేకునూ చూసి, ఫొటో తీసి, పదికి ఇన్ని మార్కులని వేసి ఫారం పంపుతుంది. పదికి పది అంటే తుప్పు లేదని. సున్నా అంటే రేకు పోయిందని.

ఇప్పుడు ఆ పని చేసే పెట్టెలు వచ్చాయి. పెట్టెలోని కెమెరా రోజూ తెల్లవారగానే ఫొటో తీసి విశాఖకు పంపుతుంది. రత్నం ఇన్నేళ్ళూ పంపిన ఫొటోలూ మార్కులూ చూసి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అక్కడ మార్కులు వేస్తుంది. మూడు పెట్టెలూ బిగించి, పనితీరు చూసి, పరిశీలకురాలి పోస్టు ఇక అవసరమా కాదా రాయమని డైరెక్టరుగారు నన్ను పంపారు. రత్నం కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. నేను రాసే వాక్యం మీద ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బాంబూఫ్లాట్: పోయిన చెప్పు

ఆస్టినాబాద్ అనే పేటలో జ్ఞానమ్మ టీచరుగారి ఇంట్లో దిగాను. మా సంఘానికి తెలిసిన విశ్వాసి. ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారు. అక్కడ ఐదు గంటలకే తెల్లవారిపోతుంది. నేను ఆరింటికి లేచి తొందరగా లేచాననుకుంటే, టీచరుగారు ఇడ్లీలు వండి, ప్రార్థన ముగించి, పక్కింటావిడతో హిందీలో టమాటాల ధర గురించి పోట్లాట కూడా పూర్తిచేశారు. టమాటాలు ఓడలో రావాలి, అందుకే ఓడ ఆలస్యమైతే ధర పైకి పోతుంది. కొబ్బరిబొండం మాత్రం మన దగ్గర అడిగే దానిలో సగమే.

బాంబూఫ్లాట్‌కు ఫెర్రీ ఎక్కాలి. పడవకూ జెట్టీకీ మధ్య అడుగు వేసేటప్పుడు నా కుడికాలి రబ్బరు చెప్పు జారి నీళ్ళలో పడింది. లేఖనంలో నీళ్ళలో పడ్డ గొడ్డలి తేలి చేతికి వచ్చింది. నా చెప్పు తేలింది గాని చేతికి రాలేదు, హార్బరు దాటి తన దారిన తాను పోయింది. పక్కనున్న ముసలాయన ఓదార్చాడు: "జానే దో దీదీ, సముందర్ కో దాన్ దే దియా." పోనీలే అక్కా, సముద్రానికి దానం ఇచ్చేశావని.

అవతలి ఒడ్డున రత్నం నా కోసం నిలబడి ఉంది. ఆరేళ్ళుగా ఫోనులో విన్న గొంతు. నల్లగా, పొట్టిగా, చేతిలో స్పానరుతో. మొదట నా పాదాలు చూసింది, తరువాత నా చేతిలో ఉన్న కెమెరా పెట్టె చూసింది.

"ఒక్క చెప్పుతో వచ్చారేంటి మేడమ్! రండి, ముందు చెప్పులు కొందాం. ఆ తర్వాత నా ఉద్యోగం ఊడగొడుదురుగాని."

ఆమే నవ్వేసింది. "అరే, మజాక్ మేడమ్. థోడా నవ్వండి. ఆ పెట్టె బరువుగా ఉంటుంది, ఇలా ఇవ్వండి."

మొదటి చట్రం గుట్ట మీద ఉంది. నేను పెట్టెను చట్రానికి ఎదురుగా బిగించబోతే రత్నం ఆపింది. "అక్కడ వద్దు మేడమ్. పొద్దున ఎండ నేరుగా అద్దంలో పడుతుంది. మొత్తం తెల్లగా వస్తుంది ఫొటో." మూడడుగులు పక్కకు జరిపి, తనే పైకెక్కి బిగించింది. తన ఉద్యోగం పట్టుకుపోయే పెట్టెకు తనే మంచి చోటు చూపించింది. ఆమె మరమేకు తిప్పుతూ ఉంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. అంతకుమించి నేను చేసిన సాయం లేదు.

దిగాక అడిగింది: "మీ ల్యాబ్‌లో కూడా పెట్టెలు వచ్చాయంట కదా మేడమ్?"

వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పూత కలిపి, ఉప్పునీటి పొగలో పెట్టి, ఫలితం చూడడానికి నాలుగు నెలలు పట్టేది. ఇప్పుడు ఒక యంత్రం తనే కలుపుతుంది, తనే పూస్తుంది, తరువాత ఏ పాళ్ళలో కలపాలో తనే చెబుతుంది. మా విభాగంలో ఇద్దరు రిటైరైతే ఆ కుర్చీలు అలాగే ఖాళీగా ఉంచేశారు. ఇదంతా చెప్పాను.

"మతలబ్, మనిద్దరిదీ ఒకటే ఓడ," అంది రత్నం.

చౌల్దారీ: ఆవగింజ

మరుసటి రోజు బస్సులో చౌల్దారీ వెళ్ళాం. పోకచెట్లూ కొబ్బరిచెట్లూ కూరగాయ మళ్ళూ ఉన్న పల్లె. బస్సులో నా పక్కన కూర్చున్న బెంగాలీ దీదీ నేను తెలుగుదాన్నని తెలిసి, "మీవాళ్ళు కూరలో ఇంత చింతపండు ఎందుకు పోస్తారు?" అని హిందీలో నిలదీసింది. మీరు చేపల కూరలో ఆవాలు నూరి ఎందుకు పోస్తారని అడిగాను. దిగేదాకా ఆ వాదన తెగలేదు. దిగేటప్పుడు మాత్రం నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టింది.

చట్రం ఒక రైతు తోట అంచున ఉంది. అవి రంగు వేసిన రేకులు. పెట్టె బిగించి, మొదటి ఫొటో పంపి, కాసేపు చూశాం. రత్నం ఫోనుకే మార్కులు వచ్చాయి. పంతొమ్మిదింటికి ఆమె వేసే మార్కులే వచ్చాయి. పద్నాలుగో రేకుకు మాత్రం ఏడు.

"గలత్," అంది రత్నం. "పద్నాలుగు పదికి పది. మూడు నెలలుగా నేను పదే వేస్తున్నాను. ఒక్క మచ్చ లేదు దాని మీద. మీ పెట్టెకి కళ్ళజోడు కావాలి మేడమ్."

నేను భూతద్దం తీశాను. చాలాసేపు వెతికితే కనిపించింది. కింది మూలన రంగు ఆవగింజంత ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే పొర లేచింది, లోపల ఇనుము గోధుమరంగుకు తిరిగింది.

రత్నం భూతద్దం తీసుకుని తనూ చూసింది. మళ్ళీ చూసింది. తరువాత తోటలో పడివున్న కొబ్బరిమట్ట మీద కూర్చుండిపోయింది.

"మూడు నెలలు, మేడమ్. నేను మూడు నెలలు పది వేశాను."

"మామూలు కంటికి ఆనేది కాదమ్మా అది. నాకూ ఆనలేదు."

"దానికి ఆనింది కదా."

తోట యజమానురాలు టీ తెచ్చి ఇచ్చింది, యాలకులు దండిగా వేసిన టీ. రత్నం గ్లాసు పట్టుకుని, మార్చి తరువాత ఏం చేయాలో తన పిన్ని ఇప్పటికే చెప్పిందని అంది. బీయెడ్ చేస్తే బడిలో ఉద్యోగం వస్తుందట. "కెమిస్ట్రీ చెప్పొచ్చు. లేకిన్ నాకు లోహమే ఇష్టం మేడమ్. పిల్లలంటే భయం." తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ రోజు నివేదికలో ఒక వాక్యం రాసుకున్నాను: పెట్టె మనిషి కన్నా బాగా చూస్తుంది. అది నిజం కనుక రాశాను. రాశాక టీచరుగారి ఇంట్లో వంజరం వేపుడు కూడా రుచించలేదు.

బస్తీ: సూర చేప పులుసు

శనివారం బాంబూఫ్లాట్ దాటి మత్స్యకారుల బస్తీకి వెళ్ళాం. రత్నం ఇల్లు అక్కడే. మూడో చట్రం వాళ్ళ ఇంటికి కూతవేటు దూరంలో, పడవలు ఒడ్డుకు లాగి పెట్టే చోట ఉంది. ఈ చట్రం అంటే నాకు ప్రత్యేకమైన మక్కువ. ఇక్కడి రేకులు ఏటేటా ఒక చిత్రం చూపిస్తాయి. చుట్టూ తుప్పు పట్టి, నడిమధ్య రూపాయంత చోట మాత్రం తక్కువగా పడుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో నేను వివరించాను. పడవల మధ్యనుంచి వచ్చే గాలి సుడి తిరిగి రేకు నడిమధ్య ఉప్పు నిలవనివ్వదని ఒక వ్యాసం రాసి సదస్సులో చదివాను. శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది.

పెట్టె బిగిస్తూ ఉంటే రత్నం రెండుసార్లు అంది, "రేపు అమావాస్య మేడమ్. ఇది సోమవారం పెడదామా?" అమావాస్యకీ కెమెరాకీ ఏం సంబంధం అన్నాను. పని వాయిదా వేయడం నాకు పడదు. ఉదయం ఐదున్నరకు ఫొటో తీసేటట్టు అమర్చాను.

ఆమె అమ్మమ్మ పోలమ్మ వచ్చి నన్ను తేరిపార చూసింది. బస్తీలో ఆవిడ మాటే మాట.

"ఎవులే ఈవిడ?"

"మా మేడమ్, అమ్మమ్మా. వైజాగ్ నుంచి."

"ఓలమ్మ, ఇశాపట్నమా! మాదీ అటేనమ్మా, సికాకోలు. మా మావ నన్ను మనువాడిన యేడే ఓడెక్కించీసినాడు."

"మళ్ళీ వెళ్ళలేదా అమ్మా?"

"రెండుపాల్లు ఎల్లినాను. అబ్బ, ఆ ఊరి ఉక్క నాను పడలేనమ్మా."

నా చీర అప్పటికే చెమటతో తడిసిపోయి ఉంది. "ఇక్కడ ఉక్క లేదా?" అన్నాను.

"ఇక్కడిది మన ఉక్కేగదా!"

సూర చేప పులుసుతో అన్నం పెట్టింది. ముక్క గట్టిగా, మాంసంలా ఉంటుంది. పులుపు మాత్రం అచ్చం మన ఉత్తరాంధ్ర పులుపు. బెంగాలీ దీదీ ఉంటే వాదన మళ్ళీ మొదలయ్యేది. బయలుదేరేటప్పుడు పోలమ్మ కుంకుమభరిణె తెచ్చింది. మాకు బొట్టు అలవాటు లేదని మెల్లిగా చెప్పాను.

"మీ దేవుడు కోప్పడతాడేటి?"

"కోప్పడడమ్మా. నేనే పెట్టుకోను."

"అలగైతే ఒట్టి సేతుల్తో ఎల్లకూడదు," అని కొబ్బరిచెక్క ఒకటి చేతిలో పెట్టింది. అది సంతోషంగా తీసుకున్నాను. రత్నం మాత్రం ఆ భరిణె వైపూ, చట్రం వైపూ మార్చి మార్చి చూడడం నాకు ఆ తరువాతే గుర్తొచ్చింది.

ఆదివారం, ఆస్టినాబాద్

రేకుల కప్పు కింద నలభై మంది కూడిన సంఘం. పాటలు తెలుగులో, ప్రకటనలు హిందీలో. యువతీయువకులు తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. మాట వస్తుందట, అక్షరం రాదట. గొంతులు మాత్రం మా సంఘం కన్నా బలం. మన దగ్గర ఆరాధన అయ్యాక కబుర్లు చెప్పుకుంటూ అరగంట నిలబడతాం. అక్కడ ఎవరూ నిలబడరు, అందరూ కూర్చుని కలిసి తింటారు, ఆ తరువాతే కబుర్లు.

పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచి, ఒక అమ్మాయి ఉపాధి విషయంలో న్యాయంగా తీర్పు చేసే జ్ఞానం నాకు కావాలని అడిగాను. జ్ఞానమ్మ టీచరుగారు ప్రార్థన ఎత్తుకున్నారు. మెల్లిగా మొదలుపెట్టి, స్వరం పెంచి, కడకు చేతులెత్తి, "తండ్రీ, ఆ పేదపిల్ల నోటికాడి కూడు తీసే ఆ పెట్టెలను, ఆ కెమెరాలను, నీ బాహుబలముతో పాడుచేయి ప్రభువా!" అన్నారు.

సంఘమంతా ఆమేన్ అంది. నేనూ సగం అన్నాను. పెట్టెలు నా సంతకం మీద తెచ్చినవి.

బస్తీ మళ్ళీ: ఇరవై రేకులు

సోమవారం పొద్దున్నే విశాఖనుంచి ఫోను. చేసింది సురేఖ. సాఫ్ట్‌వేరుకు పాఠాలు నేర్పింది ఆ అమ్మాయే.

"మేడమ్! మూడో చట్రం! ఇరవైకి ఇరవై రేకులూ ఎర్ర తుప్పు, ఒక్క రాత్రిలో! మార్కులు రెండుకు పడిపోయాయి. ఇలాంటిది నేనెక్కడా చదవలేదు. మీరు వెంటనే వెళ్ళండి!"

పక్కగదిలోంచి టీచరుగారు విని, "ప్రార్థన ఆలకించాడు," అన్నారు.

నేను మొదటి ఫెర్రీకి పరుగెత్తాను. బస్తీ చేరేసరికి రత్నం చట్రం ముందు నిలబడి ఉంది, ఒక చేతిలో నీళ్ళ సీసా, ఒక చేతిలో దూది. నన్ను చూసి రెండూ కిందికి దించింది.

ఇరవై రేకులకూ ఇరవై బొట్లు. ముందు పసుపు గుండ్రంగా పూసి, దాని నడిమధ్య కుంకుమ. అక్కడ ఒడ్డున ఉన్న ప్రతి పడవ ముక్కుకూ, ప్రతి ఇంజనుకూ, లంగరుకూ అలాగే ఉంది. అమావాస్యనాడు వేటకు పోరు. పడవలు మంచినీళ్ళతో కడిగి బొట్లు పెడతారు. పెట్టె నెత్తి మీద కూడా ఒక మందారపువ్వు ఉంది. పసుపును లేత తుప్పనీ కుంకుమను ముదురు తుప్పనీ అనుకుని సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోకు మార్కులు వేసింది. నేను ఫక్కున నవ్వాను. నవ్వుతూ ఉండగానే, బొట్టు ఉన్న చోటు చూసి నవ్వు ఆగిపోయింది.

నడిమధ్య. రూపాయంత.

"ఎన్నాళ్ళనుంచి రత్నం?"

"చట్రం పెట్టిన మొదటి అమావాస్య నుంచి మేడమ్." తల ఎత్తలేదు. "అమ్మమ్మ పెడుతుంది. మర్నాడు ఆవిడ బజారుకు వెళ్ళాక నేను తుడిచేస్తాను. వాననీళ్ళు, దూది. ఆవిడ ముందు తుడిస్తే బాధపడుతుంది. ఈసారి మీ పెట్టె నాకంటే ముందు లేచింది."

బోర్లించిన పడవ మీద కూర్చున్నాను. నెల నెలా మంచినీళ్ళతో నడిమధ్య ఉప్పు కడిగేస్తే అక్కడ తుప్పు తగ్గదా మరి! గాలిసుడీ లేదు, ఏమీ లేదు. నేను రాసింది దూది ముక్క చేసిన పని గురించి. ముందు కోపం వచ్చింది. తరువాత శాలువా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"నాకెందుకు చెప్పలేదమ్మా? శాంపిళ్ళను ముట్టుకోవడం ఎంత తప్పో నీకు తెలుసు."

"తెలుసు మేడమ్. అందుకే భయం. మీరు ఆ వ్యాసం పంపినప్పుడు ఫోను చేద్దామని తీశాను, మళ్ళీ పెట్టేశాను. లేకిన్ రాసి పెట్టాను. ఫారంలో గడి లేదు. అందుకని నా పుస్తకంలో రాశాను."

ఇంట్లోకి వెళ్ళి ఆరు నోటుపుస్తకాలు తెచ్చింది. ఏడాదికొకటి. తెలుగు మాటలే, హిందీ అక్షరాల్లో. నేను కూడబలుక్కుని చదివాను. తేదీ. అమావాస్య. ఇరవై. వాననీళ్ళు. ఒక చోట: అమ్మమ్మకు జ్వరం, బొట్లు లేవు, కడగలేదు. ఇంకో చోట: చౌల్దారీ ఆవు కింది వరసకు వీపు రాసుకుంది. ఒక్క నెల తప్పలేదు.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. అద్దం మీద దుమ్ము పడిందని సురేఖకు ఒక్క మాట చెబితే రత్నం మీద నింద రాదు, నా వ్యాసం పరువూ పోదు. కానీ పెట్టె నిర్దోషి అవుతుంది, పోస్టు మార్చిలో మామూలుగా పోతుంది. నిజం రాస్తే రత్నాన్ని ఈ వారమే తీసేయవచ్చు. దాచినది ఏదీ బయటపడకుండా ఉండదని ఏళ్ళుగా ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతున్న మనిషిని. అయినా ఆ పడవ మీద కూర్చుని నేను తటపటాయించాను. ఎందుకంటే పోయేది నా ఉద్యోగం కాదు.

"ఏం రాయమంటావు?" అని ఆమెనే అడిగాను.

రత్నం సముద్రం వైపు చూసింది. "మొన్న ఆవగింజ దగ్గర ఆ పెట్టెను మనసులో చాలా తిట్టాను మేడమ్. లేకిన్ అది ఉన్నది చెప్పింది కదా. మెషీన్ కన్నా నేను తక్కువ తినలేదు. రాయండి. కడిగింది నేనే అని రాయండి. బస్."

ఇంతలో పోలమ్మ బజారునుంచి వచ్చింది. సంగతి విని బుట్ట కింద పెట్టింది. "నానేటి తప్పు సేసినాను? ఈ సట్రం సంద్రానికి ఎదురుగా నిలబడి నా మనవరాలికి కూడెడతంది. దానికి బొట్టెట్టకపోతే ఎలగమ్మా?"

చాలాసేపు బేరం సాగింది. కడకు చట్రం చివర ఇరవై ఒకటో రేకు ఒకటి బిగిస్తాం, బొట్టు దానికే పెట్టాలి, మిగిలినవి ముట్టుకోకూడదు అన్నాను.

"ఒక్కటేనా?"

"ఒక్కటే అమ్మా."

"అలగైతే పెద్ద ముక్కెయ్యి," అంది పోలమ్మ.

వేశాం. ఒక విశ్వాసిగా ఇది నాకు తగునా అని మా సంఘంలో ఒకరిద్దరు అడిగారు. బొట్టు పెట్టేది ఆవిడ, రేకు లెక్క నాది. వాళ్ళకూ అదే చెప్పాను.

బయలుదేరే రోజు టీచరుగారు, "పెట్టె పాడైంది కదా, స్తోత్రం," అన్నారు. పాడవలేదమ్మా, అది చక్కగానే చూసింది, చూసినదేమిటో దానికి తెలియలేదంతే అన్నాను. "అయితే ఇంకా ప్రార్థించాలి," అన్నారు.

విశాఖపట్నం

నివేదిక మొదటి పేరాలో నా గాలిసుడి తప్పని రాశాను. రెండో పేరాలో రత్నం కడిగిందని రాశాను. మూడో పేరాలో, చూసి మార్కులు వేసే పనికి ఇక మనిషి అక్కరలేదని, పెట్టె మా ఇద్దరికన్నా బాగా చూస్తుందని రాశాను. మూడూ నిజాలే. సమావేశంలో చదువుతున్నప్పుడు సురేఖ తల పట్టుకుంది. కడిగిన రేకుల ఫొటోలతోనే కదా దానికి పాఠాలు చెప్పింది!

"అయితే ఆరేళ్ళ డేటా చెత్తబుట్టలో వేయాలా?" అన్నారు డైరెక్టరుగారు.

ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. విమానంలో ఆ నోటుపుస్తకాల ఫొటోలు అక్షరం అక్షరం చదువుతూ వచ్చాను. "వేయక్కరలేదు సార్. ఏ రోజు కడిగిందో, ఏ రోజు కడగలేదో, ఏ నీళ్ళతోనో అన్నీ రాసి ఉన్నాయి. తీరం మీద ఇనుమును నెలకోసారి మంచినీళ్ళతో కడిగితే ఎంత నిలుస్తుందో చెప్పే ప్రయోగం ఇది. ఆరేళ్ళపాటు ఇలా కడిగించమని మనం ఎవరినీ అడిగి ఉండేవాళ్ళం కాదు. అయితే ఆ పుస్తకాలు తడుముకోకుండా చదివి ఫొటోలతో సరిచూడగలిగేది ఆ అమ్మాయి ఒక్కతే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదట?"

"ఫారంలో గడి లేదు సార్. ఆ ఫారం తయారుచేసింది నేనే."

ఆయన కాసేపు పెన్ను తిప్పారు. శాంపిళ్ళను ముట్టుకున్నందుకు ఆమెకు ఒక హెచ్చరిక లేఖ వెళుతుందన్నారు. పరిశీలకురాలి పోస్టు మార్చితో రద్దు. దాని బదులు ఒక్క ఏడాదికి పరిశోధన సహాయకురాలి పోస్టు. మొదటి మూడు నెలలు విశాఖలో ఉండి, సురేఖ పక్కన కూర్చుని, సాఫ్ట్‌వేరు నేర్చుకున్న తప్పులన్నీ దిద్దాలి.

సాయంత్రం రత్నానికి ఫోను చేశాను. వెనక అలల చప్పుడు వినిపిస్తోంది.

"ఒక్క ఏడాదేనా మేడమ్?"

"ఒక్క ఏడాదే. ఆ తరువాత నీ సంగతీ తెలియదు, నా సంగతీ తెలియదు."

"వార్నింగ్ లెటర్ కూడానా?"

"అదీ వస్తుంది."

తరువాత అంది, "వచ్చేస్తాను మేడమ్. బీయెడ్ ఫారం తెచ్చి పెట్టింది పిన్ని. ఎండు చేపలు చుట్టి తెస్తాను అందులో. లేకిన్ ఒక ముష్కిల్ ఉంది. కడగడం ఆపకూడదు కదా ఇప్పుడు? నేను అక్కడుంటే ఇక్కడ ఎవరు కడుగుతారు?"

నిజమే. ఇక ఆ ప్రయోగాన్ని లెక్క ప్రకారం చేయాలి. ఎడమవైపు పది రేకులు నెలకోసారి పూర్తిగా కడగాలి. కుడివైపు పదింటిని వదిలేయాలి. అప్పుడే తేడా తెలుస్తుంది. ఫోను అమ్మమ్మకు ఇవ్వమన్నాను. నిదానంగా, రెండుసార్లు చెప్పాను. పోలమ్మ ఊఁ కొడుతూ అంతా విన్నది.

"కడుగుతానమ్మా, కడగడానికేటి. అమాసకి పడవలెలాగూ కడుగుతాం. ఎడమసేతి పక్క పదీ కదా?"

"అవునమ్మా, ఆ పదే."

"మరి కుడిసేతి పక్క పదీ ఏటి పాపం సేసినాయమ్మా?"

నా ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత సూటిగా ఎవరూ నన్ను ప్రశ్న అడగలేదు. ఆవిడకు ఇంకా జవాబు చెప్పలేదు. రత్నం వచ్చే గురువారం దిగుతుంది. ఇద్దరం కూర్చుని ఆలోచిస్తాం.